డబ్బు రాజకీయాలపై హాలీవుడ్ హాస్యం: ‘అంతా అతిశయోక్తే’ అనేవారికి జవాబు

రాజకీయాల్లో డబ్బు పెత్తనాన్ని ఎగతాళి చేసే అమెరికన్ హాస్య చిత్రాల గురించి ఒక వాదన కొంతకాలంగా ఒకరి నుంచి ఒకరికి చేరుతూ, ప్రతిచోటా దాదాపు అవే మాటల్లో వినిపిస్తోంది. దాని సారాంశం ఇది. ఈ సినిమాలు చూపించేదంతా అతిశయోక్తి. డబ్బుంటే ఎన్నిక గెలవవచ్చునని ఇవి నమ్మిస్తాయి, కానీ 2020లో అధ్యక్ష పదవికి పోటీపడిన కోటీశ్వరుడు మైకేల్ బ్లూంబర్గ్ ఓటమితో ఆ మాట అబద్ధమని తేలిపోయింది. హాలీవుడ్‌లో ఉన్నవాళ్లంతా డెమోక్రాట్లు కాబట్టి ఇవి రిపబ్లికన్ల మీద చేసిన ప్రచారం మాత్రమే. వీటిని తీసినవి పెద్ద పెద్ద కార్పొరేట్ స్టూడియోలు కాబట్టి వీటికి నీతులు చెప్పే అర్హత లేదు. జనాన్ని కాసేపు నవ్వించి వాళ్ల కోపాన్ని చల్లార్చడం తప్ప ఇవి సాధించిందేమీ లేదు. అన్నిటికీ మించి, అక్కడి లాబీయింగ్ (డబ్బిచ్చే వర్గాల తరఫున చట్టసభ సభ్యులను ఒప్పించే పని) వ్యవహారంతో మనకు పని లేదు.

ఈ ఆరు మాటల్లో ఒకటి రెండింటిలో కొంత నిజం ఉంది. అది ఎంతవరకో కూడా చెబుతాను. కానీ మొత్తం మీద ఈ వాదన ఆ సినిమాలను చూడకుండానో, చూసి మరిచిపోయో చేసినట్టుంది. సంచిలో నోట్లు పెట్టి ఇవ్వడం నేరమని అందరికీ తెలుసు. దాన్ని చూపించడానికి వ్యంగ్యం అక్కర్లేదు. రశీదు ఇచ్చి, ఎన్నికల సంఘానికి లెక్కలు సమర్పించి, పట్టపగలు జరిగే పనుల్లోనే ఒక ప్రజాప్రతినిధి తన ఓటర్ల చేతుల్లోంచి మరొకరి చేతుల్లోకి ఎలా జారిపోతాడో చూపించడం మాత్రం చాలా కష్టం. ఈ కోవకు చెందిన మేలైన సినిమాలు ఆ కష్టమైన పనికి పూనుకున్నాయి. చట్టం అనుమతించిన దాన్ని చూసి నవ్వడమే వాటి ప్రత్యేకత. అందుకే వాటిని ఇంత తేలిగ్గా కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది.

‘అతిశయోక్తి’ అన్న మొదటి మాటను పరీక్షించడానికి 1992 డిసెంబర్‌లో విడుదలైన ‘ద డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్’ను మించిన సినిమా లేదు. ఇందులో ఎడ్డీ మర్ఫీ ఫ్లోరిడాకు చెందిన ఒక మోసగాడు. స్థానిక కాంగ్రెస్ సభ్యుడు జెఫ్ జాన్సన్ హఠాత్తుగా చనిపోయినప్పుడు, తన పూర్తి పేరు థామస్ జెఫర్సన్ జాన్సన్ కావడాన్ని అదనుగా తీసుకుని, అదే పొట్టి పేరుతో నామినేషన్ వేసి, పోయినాయన మిగిల్చిన ప్రచార సామగ్రితోనే గెలిచి వాషింగ్టన్ చేరుకుంటాడు. అక్కడ ఒక లాబీయిస్టు, చక్కెర మద్దతు ధరల మీద మీ వైఖరేమిటని అతడిని అడుగుతాడు. ఏ వైఖరి ఉండాలంటారని కొత్త సభ్యుడు ఎదురు ప్రశ్న వేస్తాడు. ఏదైనా ఫర్వాలేదన్నది జవాబు: మద్దతు ధరలు ఉండాలంటే లూసియానా, హవాయి చక్కెర ఉత్పత్తిదారుల డబ్బు సిద్ధంగా ఉంది, వద్దంటే మిఠాయి తయారీదారుల డబ్బు సిద్ధంగా ఉంది. రెండు వైపుల నుంచీ ఇంత సొమ్ము వచ్చిపడుతుంటే ఏ పనైనా ఎలా జరుగుతుందని సభ్యుడు ఆశ్చర్యపోతే, జరగదని, ఈ వ్యవస్థ గొప్పతనమే అదని లాబీయిస్టు ఉత్సాహంగా వివరిస్తాడు.

ఈ సన్నివేశం రాసిన మార్టీ కాప్లాన్ ఊహలో వాషింగ్టన్‌ను కట్టుకున్న రచయిత కాదు. ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్‌కు ప్రసంగాలు రాసిన మనిషి ఆయన. దర్శకుడు జొనాథన్ లిన్ బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రభుత్వ యంత్రాంగాన్ని ఎగతాళి చేసిన ‘యెస్ మినిస్టర్’ సృష్టికర్తలు ఇద్దరిలో ఒకరు. చక్కెర సంగతి వాళ్లు కల్పించినదీ కాదు. అమెరికా ప్రభుత్వం దశాబ్దాలుగా రుణాల రూపంలో దేశీయ చక్కెరకు కనీస ధరను నిలబెడుతూ, దిగుమతుల మీద కోటాలు విధిస్తూ వస్తోంది. దానివల్ల అక్కడి ధర సాధారణంగా ప్రపంచ ధర కంటే ఎక్కువగా ఉంటుంది. చెరకు, బీట్ ఉత్పత్తిదారుల సంఘాలు ఆ విధానాన్ని కొనసాగించమని, మిఠాయి తయారీదారుల సంఘం దాన్ని సడలించమని ఏళ్ల తరబడి కాంగ్రెస్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. ఫ్లోరిడాలో అతి పెద్ద చక్కెర వ్యాపార కుటుంబాల్లో ఒకటైన ఫాన్హుల్ సోదరుల్లో అల్ఫోన్సో డెమోక్రాట్లకు, హోసే రిపబ్లికన్లకు నిధులు సమకూర్చిన సంగతి బహిరంగంగా నమోదైనదే. సినిమాలో ఒక లాబీయిస్టు రెండు వైపుల డబ్బూ తెస్తాడు; నిజ జీవితంలో ఒకే కుటుంబం రెండు పార్టీలకూ డబ్బు పంపింది. ఇక్కడ అతిశయోక్తి ఎక్కడుందో వాదన చేసేవారు చూపించాలి.

సినిమా వచ్చిన తర్వాత జరిగినవి చూస్తే, వాస్తవం ఆ హాస్యాన్ని దాటి వెళ్లిందని కూడా చెప్పవచ్చు. 1995లో, పొగాకు సబ్సిడీల మీద ప్రతినిధుల సభ నిర్ణయం తీసుకోబోతున్న సమయంలో, తర్వాతి కాలంలో స్పీకర్ అయిన జాన్ బేనర్ పొగాకు పరిశ్రమ విరాళాల చెక్కులను సభ లోపలే సహచరులకు పంచిపెట్టాడు. అప్పటి నిబంధనల ప్రకారం అది నేరం కాదు. గొడవ జరిగాకే సభ దాన్ని నిషేధించింది. ఆ దృశ్యాన్ని 1992 నాటి స్క్రిప్టులో రాసి ఉంటే, సభలో చెక్కులు పంచడమేమిటి, మరీ అన్యాయమని ఎంతమంది అని ఉండేవారో ఊహించవచ్చు. 2002లో లాబీయిస్టు జాక్ అబ్రమాఫ్, అతని భాగస్వామి కలిసి టెక్సస్‌లోని టీగ్వా ఆదివాసీ తెగ నడిపే క్యాసినోను మూయించడానికి ఒకవైపు రహస్యంగా పనిచేసి, అది మూతపడగానే దాన్ని తెరిపిస్తామని ఆ తెగ దగ్గరికే వెళ్లి 42 లక్షల డాలర్లు రాబట్టారు. అది మోసంగానే రుజువై 2006లో అబ్రమాఫ్ నేరం ఒప్పుకున్నాడు. రెండు వైపులా వసూలు చేసే లాబీయిస్టును కాప్లాన్ పదేళ్ల ముందే రాశాడు, అయితే కాప్లాన్ లాబీయిస్టు తాను రెండు వైపులా ఉన్నానని దాచలేదు.

పేరు కలిసిందని ఓట్లు పడడం మరీ నాటకీయంగా ఉందనేవారికీ ఫ్లోరిడాయే సమాధానం చెబుతుంది. 2020లో ఆ రాష్ట్ర సెనేట్‌లో 37వ స్థానానికి జరిగిన పోటీలో, అప్పటి సభ్యుడి ఇంటిపేరే ఉన్న వ్యక్తిని, ఏ ప్రచారమూ చేయని వ్యక్తిని, ఒక మాజీ సెనేటర్ డబ్బిచ్చి బరిలోకి దింపాడు. ఆ అనామకుడికి 6,000కు పైగా ఓట్లు పడ్డాయి. సభ్యుడు ఓడింది 32 ఓట్ల తేడాతో. ఆ మాజీ సెనేటర్‌ను 2024లో జ్యూరీ దోషిగా తేల్చింది. మన ఎన్నికల్లో ఒకే పేరుతో నలుగురైదుగురు స్వతంత్రులు బరిలో దిగడం చూసిన తెలుగు పాఠకులకు ఈ ఎత్తును వివరించనక్కర్లేదు.

కాంగ్రెస్ సభ్యులు పగలంతా డబ్బు కోసమే తిరుగుతున్నట్టు చూపించడం మీద కూడా అభ్యంతరం వినిపిస్తుంది. కొత్తగా గెలిచిన సభ్యుల కోసం డెమోక్రాట్ల ఎన్నికల కమిటీ తయారు చేసిన ఒక నమూనా దినచర్య 2013 జనవరిలో బయటికి వచ్చింది. అందులో విరాళాల కోసం ఫోన్లు చేయడానికి రోజుకు నాలుగు గంటలు, సభకూ సభా సంఘాలకూ కలిపి రెండు గంటలు కేటాయించారు. ప్రభుత్వ కార్యాలయాల నుంచి విరాళాలు అడగడం చట్టవిరుద్ధం కాబట్టి సభ్యులు దగ్గర్లోని పార్టీ కార్యాలయాలకు నడిచి వెళ్లి ఆ ఫోన్లు చేస్తారు. ఈ రెండు గంటలు, నాలుగు గంటల లెక్కను ఏ హాస్య రచయితా రాయలేదు; పార్టీయే రాసుకుంది.

అయితే ఈ సినిమా నిజంగా తప్పిన చోటు ఒకటుంది, ప్రచారంలో ఉన్న వాదన దాన్ని పట్టుకోనేలేదు. కథ రెండో సగంలో, విద్యుత్ లైన్ల దగ్గర ఉండే పిల్లలకు క్యాన్సర్ వస్తోందని తెలిసి నాయకుడి మనసు మారుతుంది. ఆ కాలంలో అమెరికాలో ఆ భయం బలంగా ఉండేది. కానీ అక్కడి జాతీయ పరిశోధనా మండలి 1996లో ఆధారాలన్నిటినీ పరిశీలించి, ఇళ్లలోని విద్యుత్ క్షేత్రాలు ఆరోగ్యానికి హాని చేస్తున్నాయనడానికి నిర్ణాయకమైన రుజువు లేదని తేల్చింది. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ అయస్కాంత క్షేత్రాలను క్యాన్సర్ కారకాలు కావడానికి ‘అవకాశం ఉన్న’ జాబితాలో పెట్టింది గానీ అంతకు మించి వెళ్లలేదు. అంటే, ఈ సినిమా డబ్బు గురించి చెప్పినది పదిలంగా నిలిచింది, సైన్సు గురించి చెప్పినదే బలహీనపడింది. అతిశయోక్తి అని వేలెత్తి చూపదలచినవారు ఆ సగాన్ని చూపి ఉంటే నేనూ అంగీకరించేవాడిని.

రెండో మాట బ్లూంబర్గ్ గురించి. డెమోక్రాట్లు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే 2020 ప్రాథమిక ఎన్నికల్లో ఆయన సొంత సొమ్ము సుమారు 100 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టాడు. గెలిచింది పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవుల ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కటే. మార్చి 4న బరి నుంచి తప్పుకున్నాడు. ఇదంతా నిజం. కానీ ఈ నిజం ఏ సినిమాను ఖండిస్తుంది? ఎడ్డీ మర్ఫీ పాత్ర దాదాపు పైసా ఖర్చు లేకుండా గెలుస్తుంది. డబ్బు గెలిచిన తర్వాతే రావడం మొదలవుతుంది. ఎక్కువ విరాళాలు వచ్చే సభా సంఘం ఏదో వెతుక్కుని మరీ అతను అందులో చేరతాడు. 1985 నాటి ‘బ్రూస్టర్స్ మిలియన్స్’లో రిచర్డ్ ప్రయర్ పాత్ర, 30 కోట్ల డాలర్ల వారసత్వం దక్కాలంటే 30 రోజుల్లో 3 కోట్ల డాలర్లు ఖర్చు చేసి చేతిలో ఏ ఆస్తీ మిగలకుండా చూసుకోవాలి. అందుకు అతనికి దొరికిన మార్గాల్లో న్యూయార్క్ మేయర్ ఎన్నిక ఒకటి: పైవారిలో ఎవరికీ ఓటు వేయవద్దని ప్రచారం చేస్తాడు, జనం అతన్నే గెలిపించేలా ఉన్నారని తెలియగానే, మేయర్ జీతం కూడా ఆస్తి కిందికి వస్తుందన్న భయంతో తప్పుకుంటాడు. డబ్బును ఆనవాలు లేకుండా తగలేయడానికి ఎన్నికల ప్రచారం ఒక మంచి చోటని చెప్పే సినిమాను, డబ్బుతో ఎన్నిక గెలవవచ్చునని చెప్పే సినిమాగా ఎలా చదవగలం? ఈ కథకు మూలమైన 1902 నాటి నవలే మన ఎన్.టి. రామారావు నటించిన ‘వద్దంటే డబ్బు’కు 1954లో ప్రేరణ అయింది, కథ మనకు పరాయిది కూడా కాదు.

బ్లూంబర్గ్ ఉదాహరణలో అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉంది. ఆయన ఖర్చు చేసింది సొంత సొమ్ము. 1976 నాటి బక్లీ తీర్పులో అమెరికా సుప్రీం కోర్టు, ఇతరులు అభ్యర్థికి ఇచ్చే విరాళాల మీద పరిమితులు ఉండవచ్చుననీ, అభ్యర్థి ఖర్చు మీద, సొంత డబ్బు మీద పరిమితి విధించరాదనీ గీత గీసింది. ఆ విభజనకు కోర్టు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, ఇతరుల డబ్బు తీసుకున్నవాడు వారికి బదులు తీర్చుకునే ప్రమాదం. ఈ హాస్య చిత్రాల చూపు కూడా సరిగ్గా ఆ ఇతరుల డబ్బు మీదే ఉంటుంది. తన డబ్బు తాను పోగొట్టుకున్న ధనవంతుడి ఓటమిని చూపించి, ఇతరుల డబ్బుతో గెలిచినవాడు ఎవరికీ రుణపడి ఉండడని నిరూపించలేము. 2012లో వచ్చిన ‘ద కాంపెయిన్’లో మోచ్ సోదరులు అనే కోటీశ్వరులు మొదట మార్టీ హగిన్స్‌ను నిలబెడతారు, వాళ్ల పథకానికి అతను ఒప్పుకోకపోతే, అంతవరకూ అతని ప్రత్యర్థి అయిన క్యామ్ బ్రేడీ వైపు మళ్లుతారు. ఎవరు గెలిచినా వాళ్లకు తేడా లేదు. పందెం గుర్రం ఓడిపోయిందని చెప్పి పందెమే లేదనడం లాంటిది ఈ బ్లూంబర్గ్ వాదన.

మూడో మాట, ఇవన్నీ ఒక పార్టీ మీద ప్రచారమన్నది. హాలీవుడ్‌లో డెమోక్రాట్ల పక్షం వహించేవారు ఎక్కువన్నది నిజమే. మోచ్ సోదరులు, రిపబ్లికన్ల పక్షాన భారీగా డబ్బు పెట్టిన పారిశ్రామికవేత్తలు కోక్ సోదరులకు పేరడీ అన్నదీ దాచవలసిన సంగతి కాదు. కానీ అదే సినిమాలో తొలి నుంచీ అవినీతికి అలవాటుపడిన క్యామ్ బ్రేడీ డెమోక్రాట్. అమాయకంగా ప్రవేశించి చివరికి నిజాయతీ నిలుపుకునే మార్టీ హగిన్స్ రిపబ్లికన్. 1998లో స్వయంగా పేరున్న డెమోక్రాట్ అయిన వారెన్ బేటీ తీసిన ‘బుల్‌వర్త్’లో కథానాయకుడు కాలిఫోర్నియాకు చెందిన డెమోక్రటిక్ సెనేటర్. బీమా కంపెనీలకు నచ్చని బిల్లును అడ్డుకుంటానని మాటిచ్చి, కోటి డాలర్ల జీవిత బీమా పాలసీ రాయించుకున్నవాడు. మాట జారే స్థితికి వచ్చాక అతను లాస్ ఏంజెలెస్‌లోని ఒక నల్లజాతి చర్చికి వెళ్లి, మీరు నాకు విరాళాలు ఇవ్వలేదు కాబట్టే మీ సమస్యలను మేం పట్టించుకోలేదని ముఖం మీదే చెబుతాడు. ఒక డెమోక్రాట్ దర్శకుడు, డెమోక్రాట్ పాత్ర నోట, డెమోక్రాట్లకు నమ్మకంగా ఓట్లు వేసే సమాజం ముందు చెప్పించిన మాట అది. ఇంతకన్నా సొంత పక్షాన్ని నిలదీయడం ఏముంటుంది? పైగా ఆ సినిమాను విడుదల చేసింది సంప్రదాయవాద మీడియా అధిపతి రూపర్ట్ మర్డాక్ సంస్థ అధీనంలోని ఫాక్స్. ఇంకా వెనక్కి వెళితే, 1940 నాటి ‘ద గ్రేట్ మెక్‌గింటీ’లో నగరాన్ని ఏలే బాస్, సంస్కరణల పార్టీ కూడా తనదేనని, ఈ ఊళ్లో అన్ని పార్టీలూ తానేనని చెబుతాడు. పార్టీ పేరు మారితే డబ్బు దారి మారదన్న ఎరుక ఈ సంప్రదాయంలో మొదటి నుంచీ ఉంది.

నాలుగో మాటలో, అంటే స్టూడియోల అర్హత గురించిన మాటలో, నిజం పాలు ఎక్కువ. హాలీవుడ్ కూడా ఒక లాబీయే. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దగ్గర పనిచేసిన జాక్ వాలెంటీ 1966 నుంచి 2004 వరకు చలనచిత్ర నిర్మాతల సంఘానికి అధిపతి. 2011లో సెనేట్ నుంచి బయటికి వచ్చిన క్రిస్టఫర్ డాడ్ అదే ఏడాది ఆ కుర్చీలో కూర్చున్నాడు. కాపీరైట్ కాలాన్ని మరో 20 ఏళ్లు పొడిగించిన చట్టం కోసం డిస్నీ గట్టిగా ప్రయత్నించింది. 1998 అక్టోబర్‌లో అది అమల్లోకి వచ్చింది. ‘ద డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్’ తీసిన హాలీవుడ్ పిక్చర్స్ ఆ డిస్నీదే. నేను ఇక్కడ పేర్కొన్న సినిమాల్లో చక్కెర, విద్యుత్తు, బీమా, తుక్కు ఇనుము వ్యాపారాలన్నీ దెబ్బలు తిన్నాయి. సినీ పరిశ్రమకు మాత్రం ‘బుల్‌వర్త్’లో, బెవర్లీ హిల్స్ విందులో సెనేటర్ ఆ పరిశ్రమ విరాళదాతలను మొహమాటం లేకుండా కడిగేసే ఒక్క సన్నివేశం దక్కింది. కాపీరైట్ చట్టం మీద ఒక మంచి ప్రహసనం రావలసి ఉండింది. అది రాకపోవడాన్ని నేను లోపంగానే లెక్కిస్తాను. అయినా, చెప్పినవాడి అర్హత చెప్పిన సంగతిని అబద్ధం చేయదు. చక్కెర కోటాలు డిస్నీ కల్పన కావు. స్టూడియో కాపట్యం రుజువైతే, డబ్బు ప్రభావం సినిమా చూపినదానికన్నా విస్తారంగా ఉందని తేలుతుంది, తక్కువగా ఉందని కాదు.

ఐదో మాట అన్నింటికంటే ఆలోచించదగినది: నవ్వు కోపాన్ని చల్లారుస్తుంది, ఈ సినిమాల వల్ల ఏదీ మారలేదు. చట్టాలు మార్చిన ఘనత ఈ సినిమాలకు నేను ఆపాదించడం లేదు. పార్టీలకు పరిమితి లేకుండా వచ్చిపడే నిధులను అరికట్టిన 2002 నాటి చట్టం సెనేటర్లు మెకెయిన్, ఫైన్‌గోల్డ్‌ల ఏళ్ల తరబడి పట్టుదల ఫలితం. కంపెనీలు ఎన్నికల ప్రచారానికి సొంతంగా డబ్బు ఖర్చు చేయకుండా అడ్డుకున్న, దానిలోని ముఖ్యమైన భాగాన్ని 2010 జనవరిలో సుప్రీం కోర్టు సిటిజన్స్ యునైటెడ్ తీర్పులో 5–4 మెజారిటీతో కొట్టేసింది. ఆ వ్యాజ్యం కూడా ఒక సినిమా గురించే, హిల్లరీ క్లింటన్‌ను విమర్శించే ఒక డాక్యుమెంటరీ గురించే మొదలైందన్నది ఇక్కడ గుర్తుంచుకోదగ్గ విషయం. చట్టం మార్చలేదన్న నిందను డాక్యుమెంటరీల మీద, సంపాదకీయాల మీద, పరిశోధన గ్రంథాల మీద ఎవరూ వేయరు. హాస్యం నుంచి మాత్రమే అంత ఆశించడం న్యాయం కాదు.

నవ్వు నిద్రపుచ్చుతుందన్న మాటకు మాత్రం వ్యతిరేక ఆధారం ఉంది. 2011లో టెలివిజన్ హాస్యకారుడు స్టీఫెన్ కోల్బేర్, ఎన్నికల సంఘం అనుమతి తీసుకుని నిజమైన సూపర్ ప్యాక్‌ను (అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా, ఎన్నికల కోసం పరిమితి లేకుండా డబ్బు సేకరించి ఖర్చు చేయగల సంస్థను) స్థాపించి, ఎన్నికల సంఘం మాజీ చైర్మన్ ట్రెవర్ పాటర్‌ను తన న్యాయవాదిగా పక్కన కూర్చోబెట్టుకుని, పది లక్షల డాలర్లకు పైగా సేకరించి, ఎక్కడ ఏ కంత ఉందో ప్రేక్షకులకు ఒక్కొక్కటిగా చూపించాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని అన్నెన్‌బర్గ్ కేంద్రం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ కార్యక్రమం చూసినవారికి సూపర్ ప్యాక్‌ల గురించి వార్తా చానళ్లు చూసినవారి కంటే బాగా తెలిసిందని తేలింది. నవ్వుతూ నేర్చుకోవడం సాధ్యమేనని ఇది చెబుతోంది. 1950 నాటి ‘బార్న్ యెస్టర్‌డే’ కథ మలుపే ఇది. తుక్కు ఇనుము కోటీశ్వరుడు హ్యారీ బ్రాక్ ఒక కాంగ్రెస్ సభ్యుడిని కొనుక్కోవడానికి వాషింగ్టన్ వస్తాడు. ఏమీ తెలియదనుకున్న అతని ప్రియురాలు బిల్లీ పుస్తకాలు చదవడం మొదలుపెట్టి, తాను ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని సంతకాలు పెట్టిన కాగితాల్లో ఏముందో తెలుసుకుని అతడిని అడ్డుకుంటుంది. ఆ పాత్రకు జూడీ హాలిడే ఆస్కార్ అందుకుంది. సంతకం పెట్టే ముందు చదవమని చెప్పే సినిమా ప్రేక్షకుడిని జోకొట్టిందనడం సరికాదు.

నవ్వు అంత నిరపాయకరమైతే, దానికి గురైనవారు ఎందుకు ఉలిక్కిపడ్డారన్నది మరో ప్రశ్న. 1939లో ఫ్రాంక్ కాప్రా ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’ను రాజధానిలోనే తొలిసారి ప్రదర్శించినప్పుడు, సెనేట్‌లో అధికార పక్ష నాయకుడు ఆల్బెన్ బార్క్లీ ఆ సినిమా సెనేటర్లను దొంగల గుంపుగా చూపిందని మండిపడ్డాడు. బ్రిటన్‌లో రాయబారిగా ఉన్న జోసెఫ్ కెనడీ, దాన్ని ఐరోపాలో ప్రదర్శించవద్దని స్టూడియోను కోరాడు. హాస్యమూ ఆవేశమూ కలిసిన ఆ సినిమాను వాళ్లు కాలక్షేపంగా తీసుకోలేదు.

ఈ ఐదో మాటలో నేను ఒప్పుకునే భాగం ముగింపుల గురించి. ఈ చిత్రాల్లో చాలావాటికి చివరి పది నిమిషాలు బలహీనం. ‘ద కాంపెయిన్’లో మోచ్ సోదరులు విచారణ ముందు నిలబడి, తాము చేసిందంతా సిటిజన్స్ యునైటెడ్ తీర్పు ప్రకారం చట్టబద్ధమేనని చెబుతారు. సినిమా మొత్తంలో అత్యంత నిజమైన మాట అది. వెంటనే కథ వాళ్లను వేరే కారణంతో, అంటే పరారీలో ఉన్న ఒక అంతర్జాతీయ నేరగాడితో చేతులు కలిపారన్న కారణంతో, అరెస్టు చేయిస్తుంది. ఈ ఒక్క మలుపుతో ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోగలడు, ఆ చట్టబద్ధత అన్న ముల్లు మాత్రం కథలోనే ఉండిపోతుంది. రచయితలు ఆ మాటను అక్కడే ఆపి, సోదరులను తలుపు తీసుకుని బయటికి నడిచిపోనిచ్చి ఉంటే అది మరింత గొప్ప హాస్య చిత్రం అయ్యేది.

ప్రెస్టన్ స్టర్జెస్ 1940లోనే ఆ తెగువ చూపాడు. స్క్రిప్టును స్టూడియోకు కేవలం 10 డాలర్లకు ఇచ్చి, బదులుగా దర్శకత్వం అవకాశం తీసుకుని తీసిన ‘ద గ్రేట్ మెక్‌గింటీ’లో, ఓటుకు 2 డాలర్ల చొప్పున ఒకే రోజు 37 ఓట్లు వేసి బాస్ దృష్టిలో పడిన దేశదిమ్మరి, కార్పొరేటరై, మేయరై, గవర్నరవుతాడు. జీవితంలో ఒకే ఒక్కసారి నిజాయతీగా ఉందామనుకోవడంతో సర్వం కోల్పోయి పరాయి దేశంలో బార్ నడుపుకుంటాడు. అతని పక్కన, జీవితమంతా నిజాయతీగా ఉండి ఒక్క నిమిషం దారి తప్పిన బ్యాంకు ఉద్యోగి ఉంటాడు. ఇద్దరిదీ ఒకే గతి. ఎవరూ పట్టుబడి శుద్ధి కాలేదు, యంత్రాంగం అలాగే తిరుగుతూ ఉంది. మౌలిక స్క్రీన్‌ప్లేకు ఇచ్చిన తొలి ఆస్కార్ ఈ సినిమాకే దక్కింది. దీన్ని చూసినవాడి కోపం చల్లారుతుందని ఎవరైనా అంటే, వాళ్లు చూసింది వేరే సినిమా అయి ఉండాలి.

ఇక ఆఖరి మాట: ఇదంతా అమెరికా గొడవ, మనది ఓటుకు నోటు గొడవ. పద్ధతుల్లో తేడా ఉన్నమాట నిజమే. అక్కడ అభ్యర్థి ఖర్చుకు పరిమితి లేదు. ఇక్కడ పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షల రూపాయల పరిమితి ఉంది, పార్టీలకు మాత్రం లేదు. మన హాస్య చిత్రాలు కూడా ఎక్కువగా కింది మెట్టునే చూశాయి. 2021 తమిళ చిత్రం ‘మండేలా’లో, రెండు వర్గాలకు సరిసమానంగా ఓట్లున్న ఊళ్లో గెలుపును తేల్చే ఒకే ఒక్క ఓటు చేతికొచ్చిన మంగలిని అభ్యర్థులిద్దరూ పోటీపడి మేపుతారు, దాన్నే 2023లో సంపూర్ణేష్ బాబుతో పూజ కొల్లూరు ‘మార్టిన్ లూథర్ కింగ్’గా తెలుగులో తీశారు. ఓటరు దగ్గర మొదలయ్యే కొనుగోలు మీద ఇవి విలువైన సినిమాలు. కానీ పై మెట్టు మనకూ ఉంది. కంపెనీలు పార్టీలకు ఇచ్చే విరాళాలు గత మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం దాటరాదన్న నిబంధనను 2017లో ఎత్తేశారు. 2018 నుంచి ఎలక్టోరల్ బాండ్ల ద్వారా ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ఓటరుకు తెలియకుండా ఇచ్చే వీలు కల్పించారు. స్టేట్ బ్యాంకు శాఖల్లో, పూర్తిగా చట్టబద్ధంగా, ఆరేళ్ల పాటు ఆ అమ్మకాలు సాగాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీం కోర్టు ఆ పథకాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసి, వివరాలు వెల్లడించమని ఆదేశించింది. అప్పుడు తెలిసిన సంగతుల్లో ఒకటి మన నగరానికి చెందినదే: బాండ్ల కొనుగోలులో దేశంలో రెండో స్థానంలో ఉన్న సంస్థ హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్, దాని బాండ్ల విలువ 966 కోట్ల రూపాయలు, ఆ డబ్బు చేరిన పార్టీల్లో బీజేపీ, బీఆర్ఎస్ రెండూ ఉన్నాయి.

కేంద్రంలో ఒక పార్టీ, రాష్ట్రంలో దానికి ప్రత్యర్థి పార్టీ, రెండింటికీ ఒకే చోటు నుంచి చెక్కు వెళ్లడాన్ని చూపించడానికి తెలుగు రచయిత ఏ అతిశయోక్తినీ ఆశ్రయించనక్కర్లేదు. 2024 మార్చి నుంచి ఆ పత్రాలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకునేలా ఉన్నాయి.